రెండు వందల పన్నెండో కార్డు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ పుస్తకం లిఫ్టుల తనిఖీ రాయడానికి కంపెనీ ఇచ్చింది. భవనం, తేదీ, గాలి, తాడు, తలుపు అని గడులు గీసి ఉన్నాయి. ఇప్పుడవన్నీ ఫోన్లోనే నొక్కమంటున్నారు. పుస్తకం ఖాళీగా మిగిలింది, కాబట్టి ఇక నుంచి నా సంగతులు ఇందులో రాసుకుంటాను. ఎవరూ చదవరు. పాత పుస్తకాలనే మా ఇన్‌స్పెక్టరు ఎన్నడూ తెరిచి చూడలేదు.

అసలు రాయాల్సినంత సంగతి ఏముందో నాకే తెలీదు. మొన్న శనివారం మా పాత పాటల అభిమానుల సంఘంలో పెద్దావిడ లోరెదాన నా చేతికి ఓట్ల డబ్బా ఇచ్చింది.

"డబ్బా నాకెందుకు ష్యోరా?" అన్నాను. మా రేవు ఊళ్ళో పెద్దావిడని అలాగే పిలవాలి, లేకపోతే చెవి మెలేస్తారు.

"నిన్ను ఎవరూ నమ్మరు మార్చెలో. అందుకని అందరి కళ్ళూ నీ మీదే ఉంటాయి. ఇంతకన్నా భద్రమైన డబ్బా ఎక్కడుంటుంది?"

అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తేలలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

చేపల మార్కెట్ వెనక బారు. పదకొండు గంటలు. ఎప్పటి బల్లే, ఎప్పటి నలుగురమే. సంఘంలో ముప్ఫై ఒక్క మంది సభ్యులున్నారు గానీ, వారం వారం వచ్చి కొట్టుకునేది మేం నలుగురమే.

కొట్టుకునేది ఒక్కదాని గురించే. "మూడో ప్లాట్‌ఫాం" పాటల బృందానిది ఏ రికార్డు గొప్ప? నలుగురు కుర్రాళ్ళు, ఐదేళ్ళు, మూడు రికార్డులు, రెండేసి పాటల సింగిల్స్ ఏడు. ఎనభై ఏడులో విడిపోయారు. వాళ్ళు విడిపోయారు గానీ మేం విడిపోలేదు. ఇన్నేళ్ళూ సరదాకి కొట్టుకున్నాం, ఈసారి నిజంగానే ఓటు వేయాలి. రాజధాని జాగ్రెబ్‌లో ఎవరో పాత రికార్డుల పిచ్చివాడు మూడింట్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, మళ్ళీ అచ్చేస్తాడట. ఏదో మీ సంఘమే చెప్పండి అన్నాడు. లోపలి అట్ట మీద అభిమానుల పాత ఫోటో కూడా వేస్తాడట.

లోరెదానది మొదటి రికార్డు, "తుప్పు". నాదీ అదే. పళ్ళ డాక్టరు బ్రూనోది రెండోది, "రెండో అంతస్తు", అందులో సాక్సోఫోన్ ఉంది కాబట్టి. టోన్చిది మూడోది, "గాలి లేని నీళ్ళు".

"అది రికార్డా టోన్చీ? జలుబు మందు అది," అంది లోరెదాన. "రెండు చెంచాలు విన్నానంటే కళ్ళు మూసుకుపోతాయి."

"మీ 'తుప్పు' వింటే ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి ష్యోరా," అన్నాడు టోన్చి. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపినవాడు, గొంతు పెంచకుండానే బారంతటికీ వినపడతాడు.

"సాక్సోఫోన్..." అని బ్రూనో మొదలుపెట్టాడు.

"నువ్వు నోరు మూసుకో డాక్టరూ, జనం నోళ్ళు తెరిపించేదే చాలు," అన్నాను నేను.

టోన్చి గ్లాసు పక్కకి జరిపాడు. ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు, కానీ ఈసారి గొంతు వేరుగా ఉంది. "ఎనభై ఐదు ఏప్రిల్‌లో 'నీ గొడుగు నా దగ్గరే' పాటని ఒకటో స్థానంలో పెట్టింది ఎవరు? రేడియోనా? కంపెనీనా? ఊరు! జనం పోస్టుకార్డులు రాసి పెట్టారు. సింగిల్ రికార్డుకి వెనకవైపు ఉన్న పాట అది. బృందంవాళ్ళే నమ్మలేకపోయారు. జనానికి ఇదే కావాలా అని మూడో రికార్డంతా ఆ బాణీలోనే చేశారు. ఊరు ఎంచుకున్నదాన్ని జలుబు మందు అంటారేంటి?"

నేను చేప ముల్లు తీసుకుంటూ కూర్చున్నాను. చేపలో ముల్లు లేదు.

ఓటు వేద్దామనేసరికి లోరెదాన లేచి గుమ్మం దాకా వెళ్ళి, వేలు తడిచేసి గాల్లో పెట్టి, తిరిగొచ్చింది. "యూగో. ఓటు లేదు. వచ్చే శనివారం."

సంఘం నాలుగో రూలు అది. దక్షిణం నుంచి ఆ చెమ్మగాలి వీస్తే ఈ తీరంలో ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. తాతల నాటి నుంచీ ఆ రోజు పెళ్ళి మాట అనుకోరు, పొలం అమ్మరు. యూగో రోజు వేసిన ఓటు, ఇచ్చిన మాట, తిట్టిన తిట్టు, ఏదీ మా సంఘంలో చెల్లదు.

ఫిబ్రవరి 9

తలనొప్పి. ఇంకా యూగోనే.

ఫిబ్రవరి 10, సోమవారం

టోన్చి వాళ్ళ భవనంలో లిఫ్టు చూడాల్సి ఉంది. చూశాను. కాఫీ ఇచ్చాడు. వాడి భార్య నివెస్ చనిపోయిన సెప్టెంబరు నుంచీ ఆ వంటింట్లో ఏదీ చోటు మారలేదు. ఆమె ఏప్రన్ కూడా మేకుకే ఉంది.

అట్ట మీదకి పంపాలనుకుంటున్న ఫోటో చూపించాడు. ఎనభై ఐదు మే నెల, ఫైర్‌మెన్ హాల్లో డాన్సు. టోన్చికి అప్పుడు జుట్టుంది. నివెస్ నవ్వుతోంది, కళ్ళు మూసుకుని. వాళ్ళు కలిసింది ఆ రోజే, ఆ పాటకే. మూలన కోట్ల గుట్ట వెనక సగం మొహం కనిపిస్తుంది. అది నాది. వాళ్ళు డాన్సు చేస్తుంటే అందరి కోట్లకీ నేను కాపలా.

"ఒరేయ్, నీకొకటి చెప్తాను, నవ్వకు," అన్నాడు.

నవ్వనన్నాను.

"జూలైలో ఆసుపత్రిలో తనకి ఆ పాట పెట్టాను. సగంలో ఉండగా 'ఆపు టోన్చీ, ఆ పాట వద్దు' అంది. మళ్ళీ దాని ఊసే రాలేదు. అప్పట్నించీ ఒకటే ఆలోచన. తనకి ఆ పాట అసలు ఇష్టమేనా? నా కోసం నలభై ఏళ్ళు భరించిందా? పెళ్ళి రోజుకి అదే, పుట్టినరోజుకి అదే, కార్లో అదే. నేను పెట్టడం, తను నవ్వడం. ఆ నవ్వు ఏమిటి మరి?"

ఏదో ఒక జోకు వేయాల్సిన చోటు అది. నేను చెంచాతో కాఫీ తిప్పాను.

"ఈ ఫోటో ఆ రికార్డులో పెట్టాలంటే, అది తన పాట అని నాకు తెలియాలి కదరా. లేకపోతే పోయినావిడ మీద నా పాట రుద్దినట్టే."

లిఫ్టు బాగానే ఉందని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 12, బుధవారం

సరే. రాస్తాను. ఎవరూ చదవరు కదా.

ఆ పాటని ఒకటో స్థానంలో పెట్టింది ఊరు కాదు. నేను.

నాకు పదిహేడేళ్ళు. నౌకల బడి నుంచి అప్పటికే తరిమేశారు (హెడ్‌మాస్టరు కుర్చీ కింద పీతలు పెట్టింది నేనే అని రుజువు చేయలేకపోయారు, అయినా తరిమేశారు). మా పిన్ని పత్రికలమ్మే కియోస్కులోకి వాన నీళ్ళు వచ్చి ఒక పెట్టెడు పోస్టుకార్డులు తడిశాయి. ప్రతి కార్డుకీ ఒక మూల గోధుమరంగు మరక. పారేయమంటే ఇంటికి తెచ్చుకున్నాను. రేడియోలో శుక్రవారం శుక్రవారం పది పాటల జాబితా వేసేవారు, శ్రోతల కార్డుల్ని బట్టి. ఆ జాబితా విని ఊరంతా అదే వేదమన్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. వీళ్ళకి బుద్ధి చెప్పాలనిపించింది. ఆ బృందం పాటలన్నిట్లోకీ చెత్త పాట ఏదో వెతికి, దానికి రెండు వందల పన్నెండు కార్డులు రాశాను. ఎడం చేత్తో, కుడి చేత్తో, ఆకుపచ్చ పెన్నుతో, పెన్సిలుతో. లేని మనుషులు, ఉన్న వీధులు. చచ్చిపోయిన మా తాత పేరుతో నాలుగు.

మూడు వారాలకి అది ఒకటో స్థానానికి వచ్చింది. నేను నేల మీద పడి దొర్లాను, నవ్వలేక.

తర్వాత నవ్వాల్సింది చాలా ఉంది. రేడియో రోజూ అదే వేసింది. హాళ్ళలో అదే. ఆ పాటకే టోన్చి వెళ్ళి నివెస్‌ని డాన్సుకి పిలిచాడు. పెళ్ళి, ఇద్దరు ఆడపిల్లలు, నలభై ఏళ్ళు. అంతా నా ఎడం చేతి పని. ప్రతి శనివారం వీళ్ళు ఆ పాట గురించి గుద్దులాడుకుంటుంటే లోపల్లోపల రాజులా కూర్చునేవాణ్ణి. బృందం బాణీ మార్చింది నేను. వీళ్ళ పెళ్ళి చేసింది నేను. అభిమానుల బుర్రల్లో సగం నేనే నింపాను.

టోన్చికి చెప్పాల్సిన అవసరం ఏముంది? ఏమీ లేదు. సంతోషంగా ఉన్నారు కదా. ఉన్నారు.

చెత్త పాట కాబట్టే ఎంచుకున్నాను. ఇంకేం కారణం లేదు.

ఫిబ్రవరి 15, శనివారం

మళ్ళీ యూగో. ఓటు లేదు. కానీ పిడుగులాంటి వార్త ఉంది.

రేడియోవాళ్ళు పాత సామాను ఖాళీ చేస్తున్నారట. ఎనభై నాలుగు, ఎనభై ఐదు సంవత్సరాల శ్రోతల కార్డులు పదకొండు పెట్టెలు. లోరెదాన అప్పట్లో అక్కడే టైపిస్టు కాబట్టి, ఆవిడ ఒక్క ఫోన్ కొడితే సంఘానికి ఇచ్చేశారు.

"అన్నీ వారాల వారీగా సర్దుదాం," అన్నాడు టోన్చి, ఏడాదిగా చూడని వెలుగు మొహంలో. "నివెస్ రాసిన కార్డు ఒక్కటైనా ఉంటుందేమో. అప్పట్లో అందరూ రాసేవాళ్ళు కదా."

"నేనూ సాయం చేస్తాను," అన్నాను.

బ్రూనో నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు, జ్వరమేమోనని.

ఫిబ్రవరి 18, మంగళవారం

టోన్చి వంటింటి బల్ల మీద ఆరు పెట్టెలు. ఉదయం నుంచీ కార్డులే. వేళ్ళకి దుమ్ము, ముక్కులో దుమ్ము.

"ఇది చూడు," అన్నాడు. "'దయచేసి సాక్సోఫోన్ ఉన్న పాటలు ఎక్కువ వేయండి.' బ్రూనో!"

"వాడప్పటికే డాక్టరయ్యాడా? చదవలేకపోతున్నాను."

నవ్వుకున్నాం. గోధుమ మూల కోసం నా కళ్ళు పిల్లిలా తిరుగుతున్నాయి. ఒక్కటి కూడా తగల్లేదు. ఏప్రిల్ పెట్టె ఏదని అడిగాను, ఏదో ఊరికే అడిగినట్టు.

"ఏడో నంబరు. లోరెదాన ఇంట్లో ఉంది. గురువారం తను తెస్తానంది."

గురువారం.

ఫిబ్రవరి 20, గురువారం

వరసగా రాయాలి, లేకపోతే నాకే అర్థం కాదు.

లోరెదాన భవనం లిఫ్టు నా చేతిలోదే. అందులోనే ఒకప్పుడు "ఇది మాటతో నడిచే లిఫ్టు, అంతస్తు గట్టిగా చెప్పండి" అని కాగితం అంటించాను. వారం రోజులు భవనమంతా "నాలుగూ! నాలుగూ!" అని కేకలు. అలాంటి పని నాకు ఎంతసేపు? పది గంటలకి ఆవిడ పెట్టెతో లిఫ్టెక్కింది. నాలుగుకీ మూడుకీ మధ్య ఆపేశాను. పథకం తేలిక. నాలుగో అంతస్తు తలుపు తెరిచి, బోర్లా పడుకుని, చెయ్యి కిందకి చాపి, "కంగారు పడకండి, ముందు పెట్టె ఇటివ్వండి, తర్వాత మిమ్మల్ని దించుతా" అనడం. పెట్టెతో మెట్ల మీద ఐదు నిమిషాలు చాలు నాకు.

తలుపు తెరిచాను. బోర్లా పడుకున్నాను. కింద లోరెదాన పెట్టె మీద కూర్చుని ఉంది, కాళ్ళు చాపుకుని.

"వచ్చావా? కుర్చీ లేదని పెట్టె మీద కూర్చున్నాను."

"పెట్టె ముందు ఇవ్వండి ష్యోరా. బరువు తగ్గితే గానీ..."

"నేను అరవై తొమ్మిదేళ్ళుగా ఇదే బరువు. లిఫ్టుకి ఇవాళే తెలిసిందా?"

"తాడు..."

"తాడు నీ మెడకి. అలా పడుకునే ఉండు, మాట్లాడుకుందాం. కింద నుంచి చూస్తే నీ మొహం ఇంకా దరిద్రంగా ఉంది." చేతిసంచీలోంచి ఒక కట్ట తీసింది. పురికొస కట్టి ఉంది. ప్రతి కార్డుకీ గోధుమ మూల. "దీనికోసమేగా?"

కట్ట కోసం చెయ్యి చాపాను. అందలేదు.

"నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడొస్తావా అని," అంది. "కార్డుల్ని లెక్కపెట్టింది ఎవరనుకున్నావ్? ఎడిటరుగారా? టైపిస్టులం. వాన నీళ్ళు ఏ కియోస్కులోకి వచ్చాయో ఈ ఊళ్ళో తెలియనిదెవరికి? చేతిరాత మార్చావు, పెన్ను మార్చావు, మీ తాతని లేపావు. మరక మార్చావా గాడిదా? పైగా అన్నీ ఒకే పోస్టు డబ్బాలో వేశావు."

"మరి..."

"మరేముంది? పక్కన పెట్టేశాం. ఒక్కటి కూడా లెక్కలోకి రాలేదు."

"మరి పాట ఎలా వచ్చింది ఒకటో స్థానానికి?"

"జనం రాశారు. నాకూ నచ్చలేదు ఆ పాట. ఏం చేస్తాం? రాశారు."

కట్ట పైకి అందించింది. మీద పెన్సిలుతో ఆవిడ రాతే: "ఒకటే మనిషి. లెక్కించవద్దు."

లిఫ్టు దించాను. ఆవిడ పెట్టె పట్టుకుని, కోటు సవరించుకుని, నన్ను చూడకుండానే వెళ్ళిపోయింది. ఏడో పెట్టె టోన్చి ఇంటికి.

ఇంటికొచ్చి లెక్కపెట్టాను. ఇన్నాళ్ళూ నేను చేశాననుకున్నది నేను చేయలేదు. అయితే ఊరు నిజంగానే ఆ పాటని మెచ్చిందా? నేను నవ్వింది ఎవర్ని చూసి మరి?

రెండు వందల పదకొండు.

ఫిబ్రవరి 21

మళ్ళీ లెక్కపెట్టాను. రెండు వందల పదకొండే. వేళ్ళు తడి చేసుకుని మళ్ళీ.

పదకొండే.

ఫిబ్రవరి 22, శనివారం

యూగో, వాన. ఓటు లేదు. లోరెదాన వేలు బయటపెట్టనే లేదు, కిటికీ చూసి కూర్చుంది.

టోన్చి ఆలస్యంగా వచ్చాడు. గొడుగు మూయడం కూడా మర్చిపోయి లోపలికి వచ్చేశాడు. కోటు లోపలి జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు చేతులతో, పసిపిల్లని పెట్టినట్టు.

"చూడండి. ఏప్రిల్ పన్నెండు, ఎనభై ఐదు. నా మొహం కూడా చూడకముందు! 'నీ గొడుగు నా దగ్గరే' పాటకి నా ఓటు. నివెస్ బెనాజ్, పెచినె. వాళ్ళ పేట, ఇంటి నంబరు కూడా!" మా అందరి మొహాలూ చూశాడు. "తన పాటేరా! మొదట్నించీ తన పాటే!"

శుభ్రమైన కార్డు. మరక లేదు.

బ్రూనో కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇదైతే అట్ట మీద పడాల్సిందే టోన్చీ. ఫోటో పక్కన."

"పడుతుంది. తన చేతిరాత! కొంచెం వంకరగా ఉంది, చూడు. చిన్నపిల్ల కదా అప్పటికి."

లోరెదాన కార్డు చూసింది. తర్వాత నన్ను చూసింది. గ్లాసు తీసుకుని తాగింది.

"ఏంట్రా, నువ్వేమీ అనవు?" అన్నాడు టోన్చి నాతో. "ఒక వెటకారమైనా లేదా?"

"బాగుంది," అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

రెండు వందల పన్నెండోది, ఆ ఒక్కదానికి మరక కార్డు వాడలేదు. ఎందుకో తెలీదు. పోస్టాఫీసుకి వెళ్ళి కొత్తది కొన్నాను. వేరే పోస్టు డబ్బాలో వేశాను. చేతికి వచ్చిన పేరు రాశాను, అంతే. రెండు వందల పన్నెండు పేర్లు కావాలంటే ఏదో ఒకటి చేతికొస్తుంది.

బడి వదిలే వేళకి నివెస్ పెచినె బస్సెక్కేది. ముందు నుంచి మూడో సీటు, కిటికీ పక్క. నేను వెనక నిలబడేవాణ్ణి. మా స్టాపులో దిగాలి నేను. అప్పుడప్పుడు మర్చిపోయి రెండు స్టాపుల తర్వాత దిగి వెనక్కి నడిచేవాణ్ణి. ఎవరికైనా జరుగుతుంది.

రోజూ జరిగేది.

ఆమె ఆ పాట కూనిరాగం తీసేది. పూర్తిగా కాదు, రెండో చరణం ఒక్కటే.

అందుకు రాయలేదు. చెత్త పాట కాబట్టి రాశాను.

ఫిబ్రవరి 25

చెప్పాలి.

ఫిబ్రవరి 26

ఎందుకు చెప్పాలి? వాడికి కావాల్సింది ఆ పాట ఆమెకి ఇష్టమా కాదా అన్నది. ఇష్టమే. కార్డు కూడా అదే చెప్తోంది. కార్డు అబద్ధం, అందులో ఉన్నది నిజం. అబద్ధం కార్డుని నిజమైన ఫోటో పక్కన అచ్చేస్తే తప్పేంటి?

తప్పేంటో తెలీదు. కానీ అచ్చులో పడ్డ నా ఎడం చేతి రాతని వాడు ఆమె రాత అనుకుని వేలితో తడుముతుంటాడు. మిగిలిన జీవితమంతా. నేను ఎదురుగా కూర్చుని చూడాలి.

మామూలుగా అయితే ఇది నా జీవితంలోకెల్లా గొప్ప వేళాకోళం అయ్యుండేది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మధ్యాహ్నం వెళ్ళాను. టోన్చి బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాడు. కార్డు ఫ్రిజ్ మీద నిలబెట్టి ఉంది. గోధుమ కట్ట బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. పిన్ని కియోస్కు, వాన, మా తాత, లోరెదాన లిఫ్టు. చివర్న ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించాను.

వాడు చాకు కింద పెట్టాడు.

"ఇది కూడా నీ ఆటేనా?"

"కాదు."

"నా పెళ్ళాం పోయి ఆర్నెల్లు కాలేదురా."

"తెలుసు."

"ఆ పేరు నీకు ఎలా తెలుసు అప్పటికి? నేనే కలవలేదు! ఇంటి నంబరు కూడా రాశావు!"

దానికి జవాబు ఉంది గానీ, నేను కోటు బొత్తాలు పెట్టుకున్నాను. వాడు తలుపు తీసి పట్టుకున్నాడు. అరవలేదు. బస్సులో టికెట్ లేనివాణ్ణి దించేటప్పుడు అలాగే నిలబడేవాడు.

మెట్లు దిగాను. లిఫ్టెక్కబుద్ధి కాలేదు. ఒక అంతస్తు దిగాక ఆగి, పైకి చూసి అరిచాను. ఎందుకంటే మొహం కనపడనప్పుడే నాకు నిజం వస్తుంది.

"కార్డు నాదే! కానీ పాట తనదే! పెచినె బస్సులో రోజూ పాడుకునేది. రెండో చరణం. మాటలు రాక లాలా అనేది. చివర్న డ్రమ్ము ఒక దెబ్బ వదిలేస్తుంది చూడు, అక్కడ పాట ఆపి, కిటికీ అద్దం మీద వేలితో కొట్టేది!"

పై నుంచి వాడి గొంతు. "ఎలా కొట్టేది?"

మెట్ల కమ్మీ మీద కొట్టి చూపించాను. మూడు. ఖాళీ. ఒకటి.

పైన తలుపు మూసిన చప్పుడు కాలేదు. అడుగులు లోపలికి వెళ్ళాయి. తర్వాత వంటింట్లోంచి వినిపించింది, గిన్నె మూత మీద చెంచాతో. మూడు. ఖాళీ. ఒకటి.

మళ్ళీ ఇంకోసారి.

"ఇదే," అన్నాడు వాడు మెట్ల మీదకి వచ్చి. చేతిలో మూత అలాగే ఉంది. "పులుసు పెట్టినప్పుడల్లా ఇదే. నలభై ఏళ్ళు. వంటింటి అలవాటు అనుకున్నాను. పాట అనుకోలేదు." మెట్టు మీద కూర్చున్నాడు. నేను కింది అంతస్తులో, వాడు పై అంతస్తులో. "నీ సంగతి తనకి తెలుసురా. ఎవరో కుర్రాడు దిగాల్సిన స్టాపు దాటాక దిగి వెనక్కి నడిచేవాడని నవ్వేది. ఎవరని అడిగితే చెప్పలేదు ఏనాడూ."

వాడు మూతని ఒళ్ళో తిరగేశాడు.

"మరి ఆసుపత్రిలో ఎందుకు వద్దంది?" అన్నాడు.

"ఏ రోజది?"

"జూలై పద్ధెనిమిది. ఎందుకు?"

మార్చి 1, శనివారం

ఇవాళ బూర వీస్తోంది. ఉత్తరం నుంచి ఎముకలు కోసే గాలి, ఆకాశం కడిగినట్టుంది, సముద్రం అవతలి దీవి మీద ఇళ్ళ కిటికీలు కూడా కనిపిస్తున్నాయి. ఓటుకి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

ఓటుకి ముందు నేను పాత తనిఖీ పుస్తకం తీశాను. పోయినేడాదిది. గాలి అని ఒక గడి ఉంటుంది అందులో, ఎందుకంటే యూగో వీస్తే ఉప్పుచెమ్మకి లిఫ్టు తలుపులు పట్టేస్తాయి. లోరెదాన ముందు పెట్టి పేజీ చూపించాను. "జూలై 18. ఆసుపత్రి పాత భవనం. గాలి: యూగో. తలుపు: పట్టేసింది, గంటన్నర."

"ఏంటిది?"

టోన్చి చెప్పాడు. ఆ రోజు నివెస్ ఏమందో, ఆ తర్వాత తన బుర్రలో ఏం తిరిగిందో. అంతా చెప్పాడు, తలెత్తకుండా. బ్రూనో మొదటిసారి సాక్సోఫోన్ ఊసెత్తకుండా విన్నాడు.

లోరెదాన కళ్ళజోడు పెట్టుకుని గడి రెండుసార్లు చదివింది. పుస్తకం మూసింది. కోర్టులో జడ్జీలా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"నాలుగో రూలు. యూగో రోజు అన్న మాట చెల్లదు. 'ఆ పాట వద్దు' అన్న మాట కొట్టివేయడమైంది." తర్వాత మామూలు గొంతుతో, "కాఫీ తాగు టోన్చీ, చల్లారిపోతోంది," అంది.

వాడు తాగాడు. కప్పు దించకుండానే ఏదో చప్పుడు చేశాడు. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు, వాడికీ తెలీదనుకుంటాను.

అట్ట మీదకి ఫోటో ఒక్కటే పంపుతున్నాం. నకిలీ కార్డు పడదు.

ఓట్లు తీశాం. ముప్ఫై ఒకటి. రానివాళ్ళవి పోస్టులో వచ్చాయి. "తుప్పు" పన్నెండు. "రెండో అంతస్తు" ఆరు. "గాలి లేని నీళ్ళు" పదమూడు. ఒక్క ఓటు తేడా. నేను ఏది రాశానో ఇక్కడ రాయను. నలభై ఏళ్ళు "తుప్పు" మనిషిని నేను, అందరికీ తెలుసు.

లోరెదాన ఆ పదమూడు ఓటు కార్డులూ ఒక్కొక్కటిగా వెలుతురుకి పెట్టి, మూలలు చూసింది. ఒకదాని దగ్గర ఆగి నన్ను చూసింది.

"మరకేం లేదు," అంది. "చెల్లుతుంది."

లేచేటప్పుడు టోన్చి నా కోటు జేబులో ఏదో పెట్టాడు. బయటికొచ్చాక చూశాను. నివెస్ బెనాజ్, పెచినె.

"నీదే కదరా," అన్నాడు, గాలికి కళ్ళు చికిలించి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కాను. మా స్టాపు దాటిపోయింది. చూస్తూనే ఉన్నాను, దిగలేదు. రెండు స్టాపుల తర్వాత దిగి వెనక్కి నడిచాను. గాలి మొహాన కొడుతోంది. చేతులు జేబుల్లో, ఒక చేతి కింద ఆ కార్డు. దారిలో ఇనపకమ్మీ కనిపిస్తే ఊరికే కొట్టాను. మూడు, ఖాళీ, ఒకటి.

నోట్లో అదే పాట. దాన్ని మించిన చెత్త పాట ఆ బృందం ఇంకొకటి పాడలేదు. రెండో చరణం ఒక్కటే కాస్త నయం.